మూడో సంచి

పొద్దున్నే కైరో మా ఇంటికొస్తుంది
గాడిద బండి మీద, మూటలు మూటలుగా.
మేం దాన్ని విప్పుతాం.

ముఖత్తం కొండ కింద ఆడవాళ్ళం
నగరాన్ని చేతులతో చదువుతాం.
ఎవరింట పెళ్ళయిందో, ఎవరు మందులు మానేశారో,
ఏ మేడలో మాంసం మిగిలిందో.
ఒక సంచిలో ప్లాస్టిక్. ఒక సంచిలో లోహం.
కుళ్ళింది పందులకి.
రాగి కిలో ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

నా మొగుడు అయ్యాద్‌కి మూడో సంచి ఒకటుండేది.
అమ్ముడుపోనివన్నీ అందులో.
పసిబిడ్డ బూటు, ఒకటే.
అద్దం పగిలిన కళ్ళజోడు.
ఎవరివో ఉత్తరాలు.
చదవడం రాదు తనకి,
చేతిరాత బాగుందని దాచేవాడు.
"ఇవి రొట్టె పెడతాయా?" అనేదాన్ని.
మణికట్టు మీది పచ్చబొట్టు సిలువని
గోక్కుంటూ నవ్వేవాడు,
జవాబు లేనప్పుడల్లా.

ఆదివారం, కొండ తొలిచిన చర్చిలో
అబూనా బుక్తోర్ చెప్పేవాడు,
కూడబెట్టింది చిమ్మెట తింటుంది, తుప్పు తింటుంది అని.
నాకు ఆవలింత వచ్చేది.
తండ్రీ, చిమ్మెట తిన్న కోటు నిన్ననే విప్పాను.
తుప్పు రంగు నా గోళ్ళలోంచి పోనే పోదు.
ప్రేమ లేనివాడు మోగే కంచు అన్నాడింకోసారి.
కంచూ మాకు తెలుసు.
మోగితే ధర ఎక్కువ.

ఒక ఏడు, ఒకే వారంలో, రెండు దొరికాయి.

సోమవారం ఉల్లిపొట్టులో ఉంగరం.
బంగారం. ఏడు గ్రాములు.
ఎవరిదో వెతకలేదు, ఒప్పుకుంటున్నాను.
వద్దన్నది నేనే.
అయ్యాద్ రెండు రాత్రులు గోడవైపు తిరిగి పడుకున్నాడు.
అది అమ్మి ఇంటి మీద రేకులు వేయించాం.

గురువారం, కాగితం రుమాల్లో చుట్టి, పళ్ళు.
కట్టుడు పళ్ళు, రెండు వరసలూ.
నేను ప్లాస్టిక్ సంచి చూపించాను.
ఆయన వాటిని కడిగాడు, రెండుసార్లు,
మేం డబ్బాల్లెక్కన కొనుక్కునే మంచినీళ్ళతో.
మూట ముడి చూసి
ఏ మెట్ల మీది చెత్తో గుర్తుపట్టి
అబ్బాసియా దాకా నడిచి వెళ్ళాడు.
సగం రోజు కూలి పోయింది.
ఆ రాత్రి నేను గిన్నెలతోనే మాట్లాడాను.
దీపం ఆర్పాక తనే అన్నాడు:
"ఆ ముసలాయన పళ్ళు పెట్టుకుని
మొట్టమొదట నా పేరు పలికాడు, తెలుసా.
పన్నెండేళ్ళుగా ఆ గుమ్మం ముందు మూట ఎత్తుతున్నాను.
పేరు అడిగింది ఇవాళే."

ఈ చలికాలం అయ్యాద్ పోయాడు. ఊపిరితిత్తులు.
పెట్టె చుట్టూ మా వాళ్ళే, మా వాసనే.
అబూనా ఏం చెప్పాడో నేను వినలేదు.
ద్వారం దగ్గర ఎవరో ముసలాయన
ఆయాసపడుతూ,
మసీదు అలవాటుకొద్దీ బూట్లు విప్పి చేత పట్టుకుని,
ఏ ప్రార్థనకి ఎప్పుడు లేవాలో తెలియక
అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా లేస్తున్నాడు.
రుమాలు జేబులోంచి తొంగిచూస్తూనే ఉంది.
ముక్కుకి పెట్టుకోలేదు.

లుత్ఫీ మాస్టారు. అబ్బాసియా, మూడో అంతస్తు.

ఇంటికి తీసుకొచ్చాను.
ఏం పెట్టాలో తోచక
రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజలు పెట్టాను.
ఏడు గ్రాముల కప్పు కింద కూర్చున్నాడు.
రేకులు తుప్పుపట్టి
అక్కడక్కడా ఆకాశం చుక్కలుగా కారుతోంది.
ఓదార్చడం ఆయనకి చేతకాలేదు.
తిన్నాడు, నిదానంగా,
ఒక్కో ముద్దా నమిలి నమిలి.

చిమ్మెట చేరని చోటొకటి ఉందని అబూనా అనేవాడు.
ఎక్కడో పైన అనుకునేదాన్ని.

ఆ పళ్ళ చప్పుడు వింటూ
మూడో సంచిని దగ్గరికి లాక్కుని
మూతి విప్పకుండానే ఒళ్ళో పెట్టుకున్నాను.
చేత్తో ఎత్తి బరువు చూశాను,
అలవాటు కదా.

"ఇంకో రొట్టె?" అన్నాను.
నోరు నిండుగా ఉంది ఆయనకి.
తల ఊపాడు.